గేటు మీది పచ్చ దీపం

మా ఆయన పోయి నెలలు గడిచినా, ఆయనతో పనిచేసినవాళ్ళ లెక్కలో ఆయన ఇంకా షిఫ్టు దిగలేదు. మా అత్తయ్య లెక్కలోనూ అంతే. అందుకే ఆవిడ ఆయన ఫోటో గోడకి తగిలించనివ్వలేదు, ఆయన కంచం బోర్లించనివ్వలేదు. నేను మందుల షాపు నడుపుకునేదాన్ని. కంటికి కనపడేదీ, సీసా మీద రాసి ఉన్నదీ తప్ప ఇంకోటి నమ్మే అలవాటు నాకు లేదు. అయినా మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకి మా వాకిలి గొళ్ళెం చప్పుడయ్యేది, నేను లేచి ఆయన స్నానానికి నీళ్ళు పెట్టేదాన్ని. పెట్టాక గుర్తొచ్చేది.

ముందు ఆ దీపం సంగతి చెప్పాలి.

మా వీధి చివర గాజు సీసాల ఫ్యాక్టరీ ఉంది. నా షాపులో అమ్మే దగ్గు మందు సీసాలు సగం అక్కడ పుట్టినవే. ఆ ఫ్యాక్టరీ పెద్ద గేటు మీద ఒక పచ్చ దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. లోపల ఎవరికైనా దెబ్బ తగిలినా, ఒళ్ళు కాలినా, ప్రాణం పోయినా దాన్ని ఆర్పేవారు. అది కంపెనీ పెట్టిన నియమం కాదు, ఏనాటివాళ్ళో పనివాళ్ళు తమకు తామే పెట్టుకున్న అలవాటు. దీపం ఆరగానే కొలిమి దగ్గరివాళ్ళంతా చేతిలో పని వదిలి గేటు దగ్గరికి వచ్చి నిలబడేవారు. దెబ్బ తిన్నవాడితో జంటగా పనిచేసే మనిషి ఆ దీపం కింద నిలబడి వాణ్ణి పిలిచి, "నీ షిఫ్టు అయిపోయింది, ఇంటికి పద" అనేవాడు. బతికున్నవాడికైనా అదే మాట, పోయినవాడికైనా అదే మాట. ఆ తర్వాత తనే దీపం వెలిగించేవాడు. అలా పిలవకపోతే మనిషి ఆ కొలిమి దగ్గరే ఉండిపోతాడని వాళ్ళ నమ్మకం.

వీధిలో ఆడవాళ్ళం ఆ నమ్మకాల జోలికి పోకపోయినా, ఏ పనిలో ఉన్నా ఒక కన్ను ఆ దీపం మీద వేసే ఉంచేవాళ్ళం. అది ఆరితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గేటుకి పరిగెత్తేవాళ్ళం. మా మామగారికి కన్ను పోయినప్పుడు అత్తయ్య అలాగే పరిగెత్తిందట. ఆవిడ కొంగు పట్టుకుని పరిగెత్తిన చిన్నపిల్ల మా వదిన, అంటే మా ఆయన అక్క.

ఆ చిన్నపిల్ల పెద్దదై, బాగా చదువుకుని, ఒక పెన్షన్ ఫండులో పెద్ద ఉద్యోగంలో చేరింది. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు నెలనెలా జీతంలోంచి కోయించుకునే డబ్బంతా ఆ ఫండులోకే పోతుంది. ఫండు ఆ డబ్బుతో రకరకాల కంపెనీల షేర్లు కొంటుంది. మా సీసాల ఫ్యాక్టరీలో అందరికన్నా పెద్ద వాటా వాళ్ళదే. షేర్లున్నవాళ్ళకి ఓటుంటుంది. కంపెనీ నడిపే పెద్దాయనకి జీతం ఎంతివ్వాలి, ఏం చూసి ఇవ్వాలి అన్నదాని మీద కూడా ఏటా ఓటే. ఆ ఓటు ఎటు వేయాలో ఫండు తరఫున తేల్చేది మా వదిన. అత్తయ్యేమో స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఆవిడ పెన్షన్ వచ్చేది కూడా అక్కణ్ణుంచే. అలా తిప్పి తిప్పి చూస్తే ఆ ఫ్యాక్టరీలో గోరంత ముక్క మా అత్తయ్యది కూడానన్నమాట. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మా ఆయన రోజూ భోజనానికి కూర్చుంటూ, ఓనరమ్మగారూ మీ పనివాడికి ఆకలేస్తోంది అని తల్లిని ఏడిపించేవారు. ఓనరమ్మగారు గరిటె చూపించేది.

అప్పట్లో పెద్దాయన బోనస్ అంతా షేరు ధరని బట్టే ఉండేది. అది వదినకి నచ్చలేదు. ధర పెంచడానికి మనుషుల్ని పిండడం దగ్గరి దారి, ఆ దారికి అడ్డం పడాలంది. ఫండులోవాళ్ళనీ, మిగతా పెద్ద వాటాదార్లనీ ఒప్పించి ఒక కొత్త షరతు పెట్టించింది. ఏడాది మొత్తం మీద గేటు దీపం ఒక్కసారి కూడా ఆరకపోతేనే బోనస్‌లో మూడోవంతు. ఒక్కసారి ఆరినా అది గల్లంతు. పేపర్లవాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. ఇంకెన్నో ఫండులు వదినని పిలిపించి, ఎలా చేశావో మాకూ చెప్పమన్నాయి.

ఆ వారమే వదిన మా ఇంటికి వచ్చింది. సంతోషం పట్టలేకపోతోంది. తండ్రి కన్నుకి ఇన్నాళ్ళకి ఏదో చేయగలిగానన్న సంతోషం అది, నాకు తెలుసు. భోజనాల దగ్గర అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అత్తయ్య కూతురి వీపు నిమిరింది. మా ఆయన మాత్రం కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నారు. వదిన పట్టుబట్టి అడిగితే అప్పుడు నోరు విప్పారు.

"ఇన్నాళ్ళూ ఆ దీపం మాదక్కా. ఇప్పుడు పెద్దాయనదైపోయింది."

వదిన నవ్వేసి, నీకు చందమామలో కూడా మచ్చే కనపడుతుందిరా అంది. నేనూ వదిన పక్షానే చేరి ఆయన్ని కాసేపు ఆటపట్టించాను.

ఆ తర్వాత దీపం ఆరలేదు. మొదట్లో వీధంతా ఊపిరి పీల్చుకుంది. వదిన చలవేనని మా ఇంటికొచ్చి చెప్పిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ నా షాపులో ఒక వింత మొదలైంది. కాలిన గాయాలకి రాసే మలాం ఎంత తెప్పించినా చాలడం లేదు. కొనేది ఫ్యాక్టరీ మగవాళ్ళు. ఎవరికని అడిగితే, ఇంట్లో ఆవిడకి పొయ్యి దగ్గర చెయ్యి కాలిందని చెప్పేవాళ్ళు. మా వీధి ఆడవాళ్ళందరికీ కట్టగట్టుకుని వంట మర్చిపోయే రోగం వచ్చిందా అని నవ్వుకున్నాను. ఆ ఆడవాళ్ళే సాయంత్రం జ్వరం మాత్రకో దేనికో వచ్చి చెయ్యి చాపితే, చేతులు చక్కగా ఉండేవి. అప్పుడు నవ్వు రాలేదు.

గుట్టు మా ఆయన కొంచెం కొంచెంగా చెప్పారు. పెద్దాయన బోనస్‌కి పెట్టిన షరతునే ఆయన మేనేజరుకీ పెట్టాడు, మేనేజరు ఫోర్‌మన్లకి పెట్టాడు, చివరికి కొలిమి దగ్గరివాళ్ళకి కూడా తలా కాస్త ముట్టజెప్పారు. గేటు గదిలో ఉండే స్విచ్చు మేనేజరు గదిలోకి వెళ్ళింది, దానికొక తాళం పడింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది వ్యవహారం. ఫస్ట్ ఎయిడ్ గదిని వెనక గేటు పక్కకి మార్చారు. చెయ్యి కాలినవాణ్ణి ఇంటికి పంపకుండా ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి పేపరు చదివించేవారు. పనిలోకి వచ్చాడు కాబట్టి దెబ్బ తగలనట్టే. ఎవడైనా గట్టిగా మూలిగితే పక్కవాళ్ళే నోరు మూయించేవాళ్ళు, నీ ఒక్కడి మూలంగా అందరి బోనస్ పోతుందని.

దీనికి తోడు ఇటుకల సంగతొకటి. గాజు కరిగే కొలిమి లోపలి ఇటుక కొన్నేళ్ళకి అరిగిపోతుంది. అప్పుడు కొలిమి చల్లార్చి, నెలల తరబడి పని ఆపి, ఇటుకంతా మార్చాలి. మార్చాల్సిన ఏడాది అదే. కానీ పని ఆపితే లాభం పడిపోతుంది, లాభం పడితే షేరు ధర పడిపోతుంది, ధర మీద ఆధారపడ్డ మిగతా బోనస్ ఎగిరిపోతుంది. అందుకని ఇటుకలు తర్వాత చూద్దామని, ఆ డబ్బు పెట్టి కంపెనీ తన షేర్లని తనే బజార్లో కొనుక్కుంది. బజార్లో షేర్లు తక్కువైతే ఉన్నవాటి ధర పెరుగుతుందట. పెరిగింది. ఫండులన్నీ భేషన్నాయి. ఆ ఏడాది అత్తయ్య పెన్షన్ కూడా కాస్త పెరిగితే, ఆవిడ మురిసిపోయి నాకో మంచి దుప్పటి కొనిపెట్టింది. ఇప్పుడు ఆ దుప్పటి కప్పుకోవాలంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆయన పోయింది పట్టపగలు. నా షాపుకి ఎదురుగా బస్ స్టాపు ఉంది. బెంచీ చుట్టూ జనం మూగడం చూసి, ఎవరో ముసలాయన ఎండకి సొమ్మసిల్లి ఉంటాడని గ్లూకోజు ప్యాకెట్టూ నీళ్ళ సీసా పట్టుకుని రోడ్డు దాటాను. తప్పుకోండి, తప్పుకోండి అని జనాన్ని కసురుకుంటూ వెళ్ళి చూస్తే, బెంచీ మీద మా ఆయన.

నాకేమైందో చెప్పలేను, ఏం కనపడిందో మాత్రం చెప్పగలను. తోలు ఏప్రాన్ లేదు. ఇంటికొచ్చాక గానీ దాన్ని విప్పే మనిషి కాదాయన. జుట్టంతా నీళ్ళతో తడిసి ఉంది. చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టి ఉన్నాయి. పై బొత్తం పెట్టుకుంటే ఊపిరాడదని పెళ్ళిలో కూడా పెట్టుకోకుండా మొండికేసి, మా నాన్నతో మాట పడ్డ మనిషాయన. ఆంబులెన్సు వచ్చింది, లాభం లేకపోయింది. గుండె ఆగిందన్నారు. నిజమే, ఎవరికైనా చివరికి ఆగేది గుండే. పని అయిపోయి ఇంటికి వెళ్తుండగా బస్ స్టాపులో ఆగిందన్నారు. మా ఇల్లు ఫ్యాక్టరీకి కూతవేటు దూరం. ఆయన జన్మలో ఆ బస్సు ఎక్కలేదు.

తలెత్తి చూశాను. గేటు మీద దీపం వెలుగుతూనే ఉంది.

అత్తయ్య ఏడవలేదు. నేను చెప్పిందంతా గోడకి ఆనుకుని విని, దీపం ఆర్పారా అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. "అయితే వాడింకా దిగలేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ వేళకి ఆయన కంచంలో వడ్డించి, మీద మూత పెట్టి, సాయంత్రం దాకా ఉంచి తీసేది. వద్దని చెప్పి చూశాను. కోప్పడ్డాను కూడా. ఆవిడ నా మాట విననట్టే ఉండేది.

గొళ్ళెం చప్పుడు మొదలైంది ఆ వారంలోనే. గాలికి కదిలి ఉంటుందని దానికి గుడ్డ పీలిక చుట్టాను. పీలిక చుట్టినట్టే ఉంది, చప్పుడూ అయినట్టే అయింది. ఫ్యాక్టరీ నుంచి కూడా కబుర్లు వచ్చేవి. ఆయన టీ తాగే గ్లాసు మేకుకి తగిలించి ఉన్నా వెచ్చగా ఉంటోందట. కొలిమి హాల్లో వెచ్చగా ఉండనిది ఏముంటుంది అని వాళ్ళ ఆడవాళ్ళతో వాదించాను. ఆయన నిలబడే చోట ఎవరూ నిలబడడం లేదట, అక్కడికి వెళ్తే ఎవరో మెత్తగా పక్కకి తోసినట్టు ఉంటోందట. వేడి మరీ ఎక్కువైతే పక్కవాణ్ణి అలా మోచేత్తో వెనక్కి తోసి తను ముందుకి వెళ్ళడం ఆయన అలవాటు.

ఆయన జంట మనిషిని అందరూ రేడియో అంటారు. నాకు బాబాయి. చుట్టరికం ఏమీ లేదు, పిలుపులోనే వచ్చింది. నన్ను అమ్మాయ్ అనీ, మా ఆయన్ని అల్లుడూ అనీ పిలిచేవాడు. లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూయని మనిషి. ఆయన పోయాక ఆ రేడియో పలకడం మానేసింది. నన్ను చూస్తే సందు మారిపోయేవాడు. చివరికి మలాం కోసం షాపుకి రాక తప్పలేదు. ఎవరికి బాబాయ్ అని అడిగాను. పిన్నికి పొయ్యి దగ్గర అనబోయి ఆగిపోయి, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మోచేతి దాకా చర్మం ఊడి ఎర్రగా ఉంది. నేనేమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

కొలిమి గోడ చిట్లింది. చల్లార్చి బాగుచెయ్యాల్సినదాన్ని, నిప్పు ఆపకుండానే బయటి నుంచి పూత వెయ్యమన్నారు. ఆ సెగలో మనిషి నిలబడగలిగేది కాసేపే, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి రావాలి. తర్వాత వంతు బాబాయిది. కానీ బాబాయి చెయ్యి అప్పటికే కాలి ఉంది, దీపం ఆరకూడదని దాచుకున్న చెయ్యి. అది చూసి మా ఆయన బాబాయిని మోచేత్తో వెనక్కి తోసి, రెండో వంతు కూడా తనే వెళ్ళారు. బయటికి వచ్చి, నీళ్ళు కావాలని అడిగి, ఆ నీళ్ళు తాగకుండానే కూలిపోయారు. ఆంబులెన్సు పెద్ద గేటుకి వస్తే అందరూ చూస్తారని, మేనేజరు వెనక గేటు తీయించాడు. ఏప్రాన్ విప్పించాడు. మాంచి చొక్కా వేసి, బస్ స్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి రమ్మన్నాడు.

"బొత్తాలు నేనే పెట్టానమ్మాయ్."

మెడ దాకా ఎందుకు పెట్టావని అడిగాను.

"ఎక్కడ ఆపాలో తెలియలేదు."

మోసుకెళ్ళేటప్పుడు ఊపిరి ఉందా బాబాయ్ అని అడిగాను. బాబాయి మొహం తిప్పుకుని, మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. మళ్ళీ అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

పోయినవాణ్ణి ఎలాగూ తేలేరు, ఒక్కసారి ఆ దీపం ఆర్పి, ఆ మాట అని, ఆయన్ని పంపించండి చాలు అన్నాను. కోర్టులూ పరిహారాలూ ఏమీ అడగనన్నాను. మా ఇంట్లో ఒక ముసలి ప్రాణం రోజూ లేని మనిషికి వడ్డిస్తోందని చెప్పి ఏడ్చాను. బాబాయి వెళ్ళి అందరితో మాట్లాడి వచ్చాడు. అల్లుడింకా లోపలే తిరుగుతున్నాడని ఒప్పుకోనివాడు లేడట. దీపం ఆర్పమని మేనేజరుని అడగడానికి ఒప్పుకున్నవాడూ లేడట. ఏడాది చివరికొచ్చింది, పిల్లల ఫీజులున్నాయి, ఇంటి అద్దెలున్నాయి. దయ్యానికి భయపడే మగాళ్ళు బోనస్‌కి అంతకన్నా భయపడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మలాం కొన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

తిట్టడానికి ఒక మనిషి ఉంది. కబురు పెట్టి వదినని పిలిపించాను.

తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ వదిన సగమైంది. అత్తయ్య ఆవిడతో మాట్లాడడం మానేసింది. నేను మలాం దగ్గర్నుంచి బొత్తాల దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. మెత్తగా చెప్పలేదు. ఆవిడ ఆ చొక్కా తెమ్మని, ఒళ్ళో పెట్టుకుని, పై బొత్తం విప్పుతూ కూర్చుంది. అప్పటికే విప్పి ఉన్నదాన్ని పెట్టి మళ్ళీ విప్పుతోంది. తనకీ అనుమానం వచ్చి కంపెనీని అడిగిందట. ప్రమాదం జరిగితే దీపం ఆరేది కదండీ, ఆ కొలమానం మీరు పెట్టిందే కదండీ అని మర్యాదగా జవాబు రాశారట.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినపడింది. కూతురితో అన్ని నెలల్లో అదే మొదటి మాట.

"ఆ ఫ్యాక్టరీలో నా ముక్కొకటి ఉందనేవాడు వాడు. నా ముక్కకి ఎంత దీపం వస్తుందో, అంత ఆర్పించు."

వాటాదార్ల సమావేశం దగ్గర పడుతోంది. దానికి ముందే వదిన నన్ను వెంటబెట్టుకుని పెద్దాయన ఆఫీసుకి వెళ్ళింది. ఆయన్ని నానా శాపాలూ పెట్టాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా చూస్తే మా నాన్న వయసు మనిషి, బాగా అలిసిపోయిన మొహం. లేచి నిలబడి, కుర్చీ లాగి, తనే గ్లాసులో నీళ్ళు పోసిచ్చాడు. అత్తయ్య ఎలా ఉందని అడిగాడు. నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు, అబద్ధం అనలేదు. ఒక్కసారి, ఒక్క క్షణం ఆ దీపం ఆర్పించండి అని అడిగాను.

"నేను ఆర్పిస్తే వీళ్ళు నన్ను పంపేసి, ఆర్పనివాణ్ణి తెచ్చుకుంటారమ్మా" అన్నాడు, వదిన వైపు చూపించి.

వదిన కాదనలేదు. అదే నన్ను భయపెట్టింది. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ దీపం ఆరాలనే ఉంది, కానీ ఆర్పే చెయ్యి ఎవరికీ లేదు. మా ఆయన ఆ కొలిమి దగ్గర ఎలా ఇరుక్కున్నారో, మేమంతా ఈ పచ్చటి కార్పెట్టు మీద అలాగే ఇరుక్కున్నట్టు అనిపించింది.

అప్పుడు వదిన బేరం పెట్టింది. దీపాన్ని ఆయన జీతంలోంచి తీసేయించే పూచీ తనది. స్విచ్చు మళ్ళీ గేటు గదిలో, పనివాళ్ళ చేతిలో పెట్టించే పూచీ ఆయనది. మరి ఆ మూడోవంతు దేనికి కడతారని ఆయన అడిగాడు. షేరు ధరకే, మొత్తం ధరకే, ఎప్పటిలాగే అని చెప్పింది వదిన. ఆ చెప్పడంలో ప్రాణం లేదు. ఆయన మొహంలో అలసట కాస్త తగ్గింది. పాపం, నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించాడు కూడా. నా మొగుడి చావు ఆయనకి లాభానికే వచ్చింది. ఆ నీళ్ళ గ్లాసు ముట్టుకోకుండానే లేచి వచ్చేశాను.

సమావేశంలో వదిన నిలబడి, ఈ షరతు పెట్టించింది నేనే, తీసేయమంటున్నదీ నేనే, దీపానికి డబ్బు కడితే దీపం వెలుగుతూనే ఉంటుంది, మనుషులు ఆరిపోతారు అని చెప్పిందట. పెద్ద గొడవైంది. అయినా ఫండు పట్టుకున్న ఓట్లు ఎక్కువ, పైగా కంపెనీయే అడ్డు చెప్పలేదు, తీర్మానం నెగ్గింది. వదిన పరువు మాత్రం పోయింది. ఆవిణ్ణి ఆ పనిలోంచి తప్పించి, ఎవరికీ పట్టని వేరే విభాగంలో కూర్చోబెట్టారు.

స్విచ్చు గేటు గదికి వచ్చిన రోజు, మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకి దీపం ఆరింది.

ఎందుకు ఆరిందో వీధిలో అందరికీ ముందే తెలుసు. అయినా ఆడవాళ్ళంతా తడి చేతులతో, పాత అలవాటు కొద్దీ పరిగెత్తుకొచ్చారు. నేను షాపు తలుపు వేయకుండానే వచ్చేశాను. వదిన అత్తయ్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. బాబాయి దీపం కింద నిలబడ్డాడు. కొలిమి వైపు తిరిగి పిలిచాడు.

"అల్లుడూ, నీ షిఫ్టు అయిపోయింది. ఇంటికి పద."

ఇక వెలిగించాలి. బాబాయి గేటు గది వైపు నడుస్తుంటే, గుంపులోంచి ఒకతను ముందుకొచ్చి, ఆగు అన్నాడు. చొక్కా విప్పి వీపు చూపించాడు. వీపంతా కాలి మానిన మచ్చలు. అతని జంట మనిషి వచ్చి, దీపం కింద నిలబడి అతన్ని పిలిచాడు, నీ షిఫ్టు అయిపోయింది ఇంటికి పద అన్నాడు. ఎప్పుడో తగిలిన దెబ్బకి ఇప్పుడు పిలుపు. తర్వాత ఇంకొకతను వచ్చాడు, వేళ్ళు లేని చెయ్యి జేబులోంచి తీశాడు. తర్వాత ఇంకొకతను. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకుని చూస్తున్నారు. పొయ్యి దగ్గర కాలని ఆ చేతుల్నే నేను రోజూ చూసింది. మేనేజరు మేడ మీద కిటికీలోంచి చూసి, తెర వేసేసుకున్నాడు. దీపం ఆ సాయంత్రం చాలాసేపు వెలగలేదు.

దీపం అంతసేపు ఆరిందన్న వార్త పేపర్లకెక్కింది, షేరు ధర దబ్బున పడింది. ఇప్పుడు పెద్దాయన బోనస్ అంతా ధర మీదే కదా. ఏం జరుగుతోందని ఫండులు నిలదీశాయి. పడ్డ ధర మళ్ళీ లేవాలంటే కొలిమి ఆపి ఇటుకలు మార్చడం తప్ప దారి లేకపోయింది. మార్చారు. ధర్మం కోసం కాదు, ధర కోసం. పోనీలే, ఎందుకోసమైతేనేం అనుకునే వయసు, ఓపిక నాకింకా రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది చెప్పి ముగిస్తాను.

గేటు దగ్గర్నుంచి వచ్చాక అత్తయ్య ఆయన కంచం కడిగి, తుడిచి, మిగతా కంచాల అడుగున బోర్లించింది. ఫోటోకి మేకు కొట్టమని వదినతో చెప్పింది. తల్లీ కూతుళ్ళు మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. అన్నాళ్ళూ మర్చిపోయి పెట్టాను, ఆ రోజు కావాలనే పెట్టాను. ఇంటికి పద అన్నాడు కదా బాబాయి. ఇంటికే వస్తారనుకున్నాను. గొళ్ళానికి చుట్టిన పీలిక విప్పేశాను, చప్పుడు సరిగ్గా వినపడాలని.

నీళ్ళు కాగాయి. కాగి కాగి సగమయ్యాయి. గొళ్ళెం చప్పుడు కాలేదు.

అత్తయ్య వచ్చి పొయ్యి ఆర్పి, నా పక్కన కింద కూర్చుంది.

"వెళ్ళాడే" అంది.

ఇన్ని నెలలుగా ఆయన్ని పంపించమని కనపడ్డవాళ్ళందర్నీ బతిమాలింది నేనే. అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని, ఎందుకు పంపించానత్తయ్యా అని ఏడ్చాను.